నొప్పి ఆమెది, అడిగేది ఆయన

ఆయన పోయిండన్న సంగతి నాకు ఆయన వాడకట్టు మనిషే చెప్పిండు. నడుం నొప్పికని వచ్చి, బల్ల మీద బోర్ల పండుకొని ఉన్నడు. నేను నడుముకు కరెంటు మిషన్‌తోటి కాపడం పెడుతున్న. మాటల మీద మాట వచ్చి, "మీ తాన్కి మా కాక ఒకాయన వస్తుండె గద మేడం, పెండ్లాన్ని తీస్కొని. గట్టిగ మాట్లాడేటోడు. మొన్న ఎండకాలంల పోయిండు. నిద్రల్నే పోయిండు" అన్నడు.

నా చెయ్యి ఆగింది. ఆ మనిషి మెడ తిప్పి చూసి, "ఏమైంది మేడం, కరెంటు పోయిందా?" అని అడిగిండు.

నేను కరీంనగర్‌ల ఒక నొప్పుల దవాఖానల ఫిజియోథెరపిస్టును. మా దగ్గరికి వచ్చేటోళ్లల్ల చాలామంది మోకాళ్లోళ్లు, నడుములోళ్లు, మెడలోళ్లు. పేర్లు గుర్తుండవు గని మోకాళ్లు గుర్తుంటయి. ఆయన పేరు మాత్రం నాకు ఎన్నడూ తెల్వదు. చీటీ ఆమె పేరు మీద ఉండేది, ఆయన వెంట వచ్చే మనిషి. నేను కాక అని పిలిచేదాన్ని, ఆమెను చిన్నమ్మ అనేదాన్ని. అంతే.

మొదటిసారి వచ్చిననాడు డాక్టర్ సార్ "ఏమైంది?" అని అడిగితే ఆయనే చెప్పుడు మొదలుపెట్టిండు.

"రాత్రి మాకు నిద్ర లేదు సార్. మోకాలు సలుపుతుంది. పక్కకు మర్రితె కలుక్కుమంటది. పొద్దుగాల లేవంగనే కాలు మాట ఇంటలేదు."

సార్ అంతా రాసుకొని, బల్ల చూపించి, "ఎక్కి పండుకో పెద్దమనిషి, ఏ మోకాలో చూద్దాం" అన్నడు.

"నేనెందుకు సార్?" అని ఆయన బిత్తరపోయిండు. "నొప్పి నాకు కాదు. ఆమెకు."

ఆమె తలుపు పక్కన నిలబడి ఉన్నది. సన్నటి మనిషి. కొంగు భుజం నిండ కప్పుకొని, ఏదో తప్పు చేసినట్టు నేల చూస్తున్నది.

ఆయన సాంచెల మీద పని చేసిన మనిషి. సాంచెలంటే మరమగ్గాలు. వాటి చప్పుట్ల బతికి బతికి చెవులు పోయినయి. తనకు ఇనబడదు గనుక ఎదుటోళ్లకు గూడ ఇనబడదనుకునేటోడో ఏమో, ఏం మాట్లాడినా అరిచినట్టే మాట్లాడేటోడు. డాక్టర్ గది తలుపు మూసినా ఆయన అడిగే ముచ్చట హాల్ల కూసున్న అందరికి ఇనబడేది.

"నొప్పుల గోలీలు రోజూ మింగితె కిడ్నీలు ఖరాబైతయంటరు, నిజమేనా సార్?"

"నడిస్తె చిప్ప ఇంక అరుగుతదా? నడవకుంట ఉంటె మిగులుతదా?"

"గీ మోకాలుల సూది ఒక్కసారి ఏయించుకుంటె ఎప్పటికి ఏయించుకుంటనే ఉండాల్నా?"

హాల్ల మాటలు బందైతుండె. ఒకాయన పేపరు మడిచి ఒళ్లె పెట్టుకునేటోడు. ఒకామె ఏడుస్తున్న మనుమరాలి నోటి మీద చెయ్యి పెట్టేది. అవన్నీ వాళ్లు గూడ అడగాలనుకున్న ముచ్చట్లే. సార్ ముందట కూసుంటె నోరు రాదు. 'సార్ కోపానికొస్తడేమో, ఇంత మాత్రం తెల్వదా అంటడేమో' అని లోపట్నే పెట్టుకొని ఇంటికి పోతరు. కాకకు ఆ భయం లేదు. నొప్పి తనది కాదు గనుక సిగ్గు లేదు. పక్కింటోళ్ల కోసం కొట్లాడినట్టు అడిగేటోడు.

సార్ జవాబులు బయటికి ఇనబడయి. అందుకే ఆయన బయటికి రాంగనే జనం మూగేది. "సార్ ఏమన్నడు కాక?"

ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకొని చెప్పేటోడు. "గోలీలు మన ఇష్టమొచ్చినట్టు నెలలకు నెలలు మింగితె కిడ్నీలే కాదు, కడుపుల పుండు గూడ అయితదట. సార్ చెప్పినన్ని రోజులే మింగాలట. నడవకపోతె చిప్ప మిగులదట. కండ పోతదట. కండ పోతె బరువంత చిప్ప మీదనే పడుతదట. నడువుండ్రి. ఏంది అట్ల చూస్తరు? నడువుండ్రి."

నిజంగనే ఇద్దరు ముగ్గురు లేచి హాల్ల అటూ ఇటూ నడిచేటోళ్లు.

సార్‌కు ఒక అలవాటుండె. నొప్పి ఎంతుందో పది వేళ్లల్ల చూపెట్టమనేటోడు. ఏం లేకపోతె సున్న, తట్టుకోలేకపోతె పది. ఒకసారి చిన్నమ్మ ఆరు వేళ్లు చూపించింది. కాక పక్క నుంచి ఆమె చెయ్యి పట్టుకొని ఇంకో రెండు వేళ్లు తెరిచిండు.

"అబద్ధం చెప్తుంది సార్. ఎనిమిది. నేను పరేషాన్ అయితనని ఆరు చెప్తుంది."

"మీకెట్ల తెలుసు?" అన్నడు సార్.

"నలభై ఏండ్ల సంది ఆమె మొఖం చూసే గద నేను ముచ్చట ఇంటున్న. చెవులతోటి ఇంటున్ననా?"

అది నిజం. ఆమె ఆయనతోటి మాట్లాడితె గొంతు రాదు. ఒట్టి పెదాలు కదులుతయి. సాంచెల కాడ అందరు గట్లనే మాట్లాడుకుంటరట. ఆ చప్పుట్ల గొంతు చించుకున్నా లాభం లేదు గనుక పెదాలతోటి చెప్తరు, కండ్లతోటి ఇంటరు. ఇంటికొచ్చినా ఇద్దరికి అదే అలవాటైంది. ఒళ్లె చాట పెట్టుకొని, కాళ్లు మడుచుకొని, పొద్దంత బీడీలు చేసుకుంట ఆమె పెదాలు కదిపితె, ఎదురుంగ కూసొని ఆయన జవాబిచ్చేటోడట. ఆ కూసునుడుతోటే ఆమె మోకాళ్లు పోయినయి.

మా బాపు ఆదిలాబాద్‌ల జిన్నింగు మిల్లుల పని చేసిండు. నన్ను కన్న అవ్వ నడుం పట్టుకొని పొయ్యి కాడి నుంచి లేస్తుండె. అది ఎనిమిదో ఆరో కాదు, అసలు నొస్తదని మా బాపుకు తెలుసో లేదో నాకు ఇయ్యాల్టికి తెల్వదు. అందుకేనేమో, వాళ్లిద్దరు వచ్చిన రోజు నేను పని చేసుకుంటనే వాళ్ల దిక్కు చూసేదాన్ని.

గోలీలకు, కసరత్తుకు తగ్గీ తగ్గనట్టు ఉంటే, సార్ ఒకనాడు సొంత రక్తం సూది సంగతి చెప్పిండు. చేతి నరం నుంచి రక్తం తీసి, మిషన్ల గిరగిర తిప్పి, అండ్ల మాన్పే గుణమున్న భాగం వేరు చేసి మోకాలుల ఎక్కిస్తరు. "అందరికి పని చేస్తదని చెప్పలేను. పని చేస్తె కొన్ని నెలలు నొప్పి తగ్గుతది. అరిగిన గుజ్జు మళ్ల మొలుస్తదని మాత్రం అనుకోవద్దు" అన్నడు సార్.

కాక అంతా సార్ నోరు చూసుకుంట ఇన్నడు. ఇని, అంగి చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టిండు.

"తీస్కోండ్రి."

"మీది కాదు. ఆమెది కావాలె."

"ఆమెకు రక్తం తక్కువ సార్. పోయినేడు రక్తం గోలీలు మింగింది. నాకు మస్తుంది. తీస్కోండ్రి."

"కొంచెమే తీస్తం, ఆమెకేం కాదు. ఎవరి మోకాలుకు వాళ్ల రక్తమే ఎక్కియ్యాలె పెద్దమనిషి. పరాయి రక్తం పనికి రాదు."

ఆయన చెయ్యి తియ్యలే. "నేను పరాయోన్నా సార్?" అన్నడు.

సార్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, నవ్వే మనిషి అసలే కాదు. ఆనాడు మాత్రం కుర్చీల వెనక్కి ఆనుకొని, "పరాయోళ్లు కాదు. కని ఆ సంగతి మోకాలుకు తెల్వదు" అన్నడు.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె నవ్వంగ చూసుడు మాకందరికి అదే మొదలు.

సూది ఏసిన తెల్లారి కాక ఫోన్ చేసిండు. ఫోన్ చెవికి దూరం పట్టుకొని ఇన్న. "నొప్పి ఎక్కువైంది బిడ్డా! రెండొద్దులు ఎక్కువ కావొచ్చని సార్ చెప్పిండు గద, చెప్పినట్టే అయింది! అంటె పని చేస్తున్నట్టేనా?" నేను చెప్పేది ఆయనకు ఇనబడదు. అవునంటె ఇనబడలే, కాదంటె ఇనబడలే. "సరే బిడ్డా, మంచిది" అని పెట్టేసిండు.

కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. ఆమెకు కసరత్తు నేను నేర్పిన. మోకాలు కింద తువాల చుట్ట పెట్టి కిందికి ఒత్తుడు, కాలు చక్కగ పెట్టి పైకి లేపుడు. ఇంట్ల చేయించాలె గనుక కాకను గూడ చూడమన్న. ఆమె కాలు ఎంత ఎత్తు లేపాల్నో ఆయన చెయ్యితోటి చూపెట్టబోతె అది భుజం దాంక వచ్చి ఆగిపోయింది.

"నీ భుజం ఏమైంది కాక?"

"ఏం కాలే. అది సాంచెల నాటి పాతది."

"నొస్తలేదా?"

"నొప్పి సంగతి మేము ఆమెకే చూపెట్టుకుంటున్నం బిడ్డా" అన్నడు, అదేదో కుటుంబంల ఒక్కరికే దొరికే సౌలతు అయినట్టు.

గోడ మీద వేళ్లతోటి పైపైకి పాకిస్తె భుజం సాగుతదని నేర్పిన. "చూద్దాం" అని ఇడిసిపెట్టిండు. చిన్నమ్మ ఆయన దిక్కు తిరిగి పెదాలతోటి ఏదో అన్నది. ఏమన్నదో నాకు తెల్వదు. కని ఆయన వెంటనే లేచి గోడ కాడికి పోయిండు. ఆ తర్వాత ఇంట్ల ఇద్దరు కలిసే చేసిండ్రట. ఆమె మంచం మీద కాలు లేపుతుంటె, ఆయన గోడకు చెయ్యి ఆనిచ్చి ఇద్దరి లెక్క గట్టిగ పెట్టేటోడట. వాడకట్టుకంత తెల్లారేది ఆ లెక్కతోటే.

వానకాలం ఎల్లిపోయి చలి మొదలైనంక నొప్పి తిరిగొచ్చింది. ఆనాడు ఆయన చేతిల రంగురంగుల కాయితం ఒకటి పట్టుకొని వచ్చిండు. పట్నం నుంచి ఎవరో వచ్చి ఊరవతల ఫంక్షన్ హాల్ల శిబిరం పెడుతున్నరు. మూలకణాల సూది. ఒక్క సూదితోటి అరిగిన మోకాలు పడుచు మోకాలు అయితదని కాయితం మీద ఉన్నది. బొమ్మల ఒక ముసలామె మెట్ల మీద ఉరుకుతున్నది.

"ఇది ఏందో చెప్పుండ్రి సార్. ఇది ఏయించుకుంటె గుజ్జు మొలుస్తదట."

సార్ కాయితం ముందు వెనుక చదివిండు. "దీని మీద పెద్ద పెద్దోళ్లు పరిశోధనలు చేస్తున్నరు. ఇంక తేలలే. తేలని దానికి గ్యారంటీ ఇచ్చేటోళ్లను నేను నమ్మను. మీరు నమ్మవద్దు."

"ఒక్కలకన్న మొలిసి ఉంటది గద సార్?"

"మొలిసినట్టు నేను చూడలే."

"మీరు చూడకపోతె లేనట్టేనా?" కాక లేచి నిలబడ్డడు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే గని ఆనాడు వేరే తీరుగ ఉండె. "మీకు రాదు గనుక లేదంటున్నరు. ఆమె లేసి నిలబడేటప్పుడు పండ్లు కొరుకుతది, మీరు చూసిండ్రా? పొద్దుకు ఎన్నిసార్లు కొరుకుతదో నాకు తెలుసు."

కాయితం గుంజుకొని పోయిండు. చిన్నమ్మ ఆయన వెనుక మెల్లగ నడుచుకుంట పోయింది. తలుపు దాటేటప్పుడు ఒకసారి మా దిక్కు చూసింది.

వాళ్లు మళ్ల కనబడలే. సూది ఏయించుకున్నరనే అనుకున్నం. హాలు సప్పగ అయింది. లోపటికి పోయినోళ్లు పోయినంత జల్ది బయటికి వస్తుండిరి. ఒకరిద్దరు నన్ను అడిగిండ్రు, "ఆ కాక వస్తలేడా?" అని.

చలి పోయి ఎండలు ముదురుతున్నప్పుడు ఒకనాడు మెట్ల మీద ఆ గొంతు ఇనబడ్డది. నేను పని ఇడిసిపెట్టి బయటికి ఉరికిన. ఆయన హాల్ల నిలబడి, అడిగినోళ్లకు అడగనోళ్లకు ఫంక్షన్ హాలు కథ చెప్తున్నడు.

"పోయినం. మెట్ల కాడ ఈమె కూలబడ్డది. లే అంటె లేవదు. మోకాలు నొస్తుందేమో అనుకున్న. కాదు. రాను అన్నది. లోపల కుర్చీల నిండ జనమున్నరు, పేర్లు పిలుస్తున్నరు. ఎందుకు రావంటె చెప్పదు. మా వాడకట్టు వాళ్లందరి ముంగట నా ఇజ్జత్ పాయె."

ఆయన నవ్వుకుంటనే చెప్తున్నడు. ఇనేటోళ్లు నవ్వుతున్నరు.

"ఆఖరికి అన్నది. 'సూది పని చెయ్యకపోతె నాకేం కాదు. ఇప్పుడున్న నొప్పే ఉంటది. అది నాకు అలవాటే. కని పని చెయ్యలేదని తెలిసిననాడు నీ మొఖం ఎట్లుంటదో, అది నేను చూడలేను' అన్నది."

అంతవరకు వచ్చి ఆయన నవ్వు ఆగిపోయింది. ఏదో వెతుకుతున్నట్టు చూసిండు. "గట్ల అన్నది" అని, పోయి ఆమె పక్కన కూసున్నడు.

ఆనాడు సార్ గదిల ఇద్దరు పాత మాట ఎత్తలే. సార్ మోకాలు చూసిండు, మందు మార్చిండు. కాక మాత్రం మెల్లగ, ఆయనకు మెల్లగ అంటె మనకు మామూలు, ఒక్కటే అడిగిండు. "ఆమెకు మళ్ల కింద కూసునొస్తదా సార్?"

"కింద కూసోవద్దు. కుర్చీల్నే కూసోవాలె. బీడీలు గూడ బల్ల మీద పెట్టుకొని చేసుకోవాలె."

"బువ్వ తినే కాడికన్న?"

"వద్దు."

ఆయన ఇంకొకసారి అడిగిండు. సార్ ఇంకొకసారి వద్దన్నడు. తర్వాత నా గదిల ఆమె కాలుకు పట్టీ కడుతుంటే నేనే అడిగిన, "కింద కూసునుడుకు అంత ఏం తొందర కాక?"

ఆయన బల్ల అంచు మీద గోటితోటి గీసుకుంట చెప్పిండు. "ఆమె కుర్చీల కూసుంటది. నేను కింద కూసుంట. ఇప్పుడు పొద్దంత ఆమె బీడీల కాడ, నేను బయట. ముచ్చట చెప్పుకునేది తినేటప్పుడే. ఆమె పైన, నేను కింద ఉంటె ఆమె పెదాలు నాకు సరిగ కానొస్తలెవ్వు బిడ్డా. ఆమె చెప్తది, నేను ఆ అంట. ఏం చెప్పిందో నాకు తెల్వదు. శానొద్దుల సంది గట్లనే ఊరికె ఆ అంటున్న."

చిన్నమ్మ ఆయన దిక్కు చూస్తున్నది. ఆమెకు గూడ అది అప్పుడే తెలిసింది.

"మరి నువ్వే కుర్చీల కూసోరాదు కాక?" అన్న.

"కుర్చీల కూసొని బువ్వ తింటే తిన్నట్టుంటదా?" అని కసురుకున్నడు. ఆ ఒక్క సలహా మీద మాత్రం ఆయన ఏమీ అడగలే.

ఆ ఏడు మా చుట్టాల పెండ్లి వాళ్ల ఊర్ల పడ్డది. దావత్ అయినంక నేను వాళ్ల ఇల్లు అడుక్కుంట పోయిన. సందుల రెండు దిక్కుల సాంచెల చప్పుడు. నేను పిలిచింది నాకే ఇనబడలే. తలుపు తెరిచే ఉన్నది. లోపల రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుంగ, మోకాలుకు మోకాలు తగిలేటంత దగ్గరగ ఏసుకొని, పళ్లాలు ఒళ్లె పెట్టుకొని ఇద్దరు తింటున్నరు. ఆమె పెదాలు కదులుతున్నయి. ఏదో పెద్ద ముచ్చటే, చేతిల బుక్క చేతిల్నే ఉన్నది. ఆయన ముంగటికి వంగి, కండ్లార్పకుంట ఆమె నోరు చూస్తున్నడు. మధ్యల ఒక్కసారి పకపక నవ్విండు. ఆ నవ్వు సాంచెలను గూడ దాటి సందులకు వచ్చింది.

నేను పిలవకుంటనే తిరిగి వచ్చిన.

ఆ తర్వాత గూడ రెండు మూడుసార్లు వచ్చిండ్రు. మోకాలు ఒకసారి మంచిగ, ఒకసారి సెడ్డగ, మోకాళ్లు ఎట్లుంటయో గట్లనే ఉండె. ఆయన అడిగేటియి అడుగుతనే ఉండె. మరుసటి ఎండకాలంల రాలేదంటె ఎండకు రాలేదనుకున్న.

ఆయన పోయిన సంగతి ఇన్న కొన్ని రోజులకు చిన్నమ్మ వచ్చింది. బస్సు దిగి ఒక్కతే నడిచి వచ్చింది. చీటీ ఒక్కతే రాయించుకున్నది. నేను చెయ్యి పట్టుకుంటె ఊరుకున్నది. ఏడువలే. లోపటికి పిలిచినప్పుడు నేను గూడ వెంట పోయిన.

సార్ మామూలుగ "ఏమైందమ్మా?" అని అడగలే. కుర్చీ దగ్గరికి జరిపి, "చెప్పమ్మా" అన్నడు.

ఆమె చేతులు చూసుకున్నది. బీడీల పొగాకుకు వేళ్ల కొసలు పసుపుపచ్చగ ఉన్నయి. ఆఖరికి తల ఎత్తి, నేనెన్నడూ ఇననంత స్పష్టంగ అడిగింది.

"మనిషి పోయినంక నొప్పి ఎక్కువైతదా సార్?"

సార్ కలం పక్కన పెట్టిండు. "ఎక్కువైతదమ్మా. చాలామందికి అయితది. మోకాలు అదే, ఎక్స్‌రే అదే ఉంటది. నొప్పి మాత్రం పెరుగుతది. నీ భ్రమ కాదు అది."

ఆమె తల ఊపింది. "దానికేమన్న సూది ఉన్నదా?" అన్నది.

"లేదమ్మా" అన్నడు సార్.

ఆమె మొఖంల ఏదో తేలికైనట్టు కనబడ్డది. కొంగు సదురుకొని, చీర కొంచెం పైకి జరిపి కాలు ముంగటికి చాపింది.

"ఉన్నా నాకొద్దు సార్" అన్నది. "ఆ నొప్పిని ఉండనియ్యుండ్రి. మోకాలు సంగతి చూడుండ్రి."